ఫొటోలోనే ఉత్తరం దాచడం, వంకర స్కాన్ నుంచి దాన్ని మళ్లీ బయటికి లాగడం

మా తాతగారి ఫొటో ఒకటి ఉంది. వెనకాల డాల్ఫిన్స్ నోస్ కొండ, ముందు ఆయనా ఇంకో ముగ్గురూ. ఆ ముగ్గురూ ఎవరో ఆయన ఫొటో వెనక ఇంకు పెన్నుతో రాసి పెట్టుకున్నారు. 2014 అక్టోబరు 12న హుద్‌హుద్ మా వైజాగ్ మీద పడ్డప్పుడు కిటికీలోంచి కొట్టిన వానకి ఆల్బమ్ తడిసి, బొమ్మ ఎలాగోలా మిగిలింది గానీ రాత మొత్తం నీలం మరకైపోయింది. బొమ్మ బతికితే చాలు రాత కూడా బతికేలా ఏదైనా చేయొచ్చా అన్న పురుగు అప్పుడే తొలిచింది. చేయొచ్చు. పైథాన్ అనే ప్రోగ్రామింగ్ భాష కాస్త వచ్చుంటే రెండు ఆదివారాల పని.

ముందే చెప్తున్నా, పది పదాల సమాచారమైతే ఇదంతా అక్కర్లేదు, మూలన ఒక క్యూఆర్ కోడ్ వేసేయండి. 1994లో జపాన్‌లో డెన్సో వేవ్ వాళ్లు కారు విడిభాగాల లెక్క కోసం చేసుకున్నది అది, గట్టి సరుకు, అన్నిటికంటే గట్టిదైన హెచ్ లెవల్ పెడితే దాదాపు 30 శాతం చెడినా చదువుతుంది. కాకపోతే తాతగారి చొక్కా మీద నల్ల చదరం అతికించినట్టు ఉంటుంది. నాకు కావాల్సింది దూరం నుంచి ఫొటోలా, దగ్గరికొస్తే అక్షరాలుగా ఉండేది. జిరాక్స్ కంపెనీ పరిశోధన కేంద్రంలో డేటాగ్లిఫ్ అని ఒక పద్ధతి కనిపెట్టారు. బొమ్మని చిన్న చిన్న గళ్లుగా కోసి, ప్రతి గడిలో ఒక ఏటవాలు గీత గీస్తారు. కుడికి వాలితే ఒకటి, ఎడమకి వాలితే సున్నా. గీత లావు మాత్రం ఆ చోట ఫొటో ఎంత నల్లగా ఉందో దాన్ని బట్టి. అంతే కిటుకు. మనం చేసేదీ దాదాపు అదే.

కొలతలు. ఫోర్ బై సిక్స్ అంగుళాల సైజు ప్రింట్, 600 డీపీఐ, అంటే అంగుళానికి 600 చుక్కలు. గడి 28 పిక్సెళ్లు, అంటే 1.2 మిల్లీమీటర్లకి కాస్త తక్కువ. అడ్డంగా 80, నిలువుగా 120, మొత్తం 9600 గళ్లు. ఎనిమిదేసి గళ్లని రెండు బై నాలుగు బిళ్లగా కట్టండి, ఒక బిళ్ల ఒక బైట్ (ఎనిమిది ఒకట్లు సున్నాల కట్ట), మొత్తం 1200 బిళ్లలు. ఇందులో నాలుగు మూలలకీ 32 పోతాయి, మధ్యలో ఆనవాళ్లకి ఒక 35 (ఎందుకో తర్వాత చెప్తా), అసలు సరుకుకి 1020. మిగిలినవాటిలో ఏ గీతైనా వేసుకోండి, చదివేటప్పుడు పట్టించుకోం.

గీత లావు 5 పిక్సెళ్లకి తగ్గొద్దు, 16కి మించొద్దు. 5 దగ్గర గడిలో పావు వంతు నలుపు ఉంటుంది, 16 దగ్గర మూడింట రెండొంతులకి కాస్త తక్కువ. అంటే తెల్లటి తెలుపూ ఉండదు, నల్లటి నలుపూ ఉండదు. ఆర్‌కే బీచ్‌లో మిట్టమధ్యాహ్నం తీసిన ఫొటో పెడితే ఆకాశం మబ్బు పట్టినట్టు వస్తుంది, ఏం చేయలేం. ముఖాలు పెద్దగా ఉన్న ఫొటోలే దీనికి పనికొస్తాయి, గ్రూప్ ఫొటోలో ముక్కులు గళ్లలో కలిసిపోతాయి.

ఇప్పుడు తెలుగుతో వచ్చే తంటా. కంప్యూటర్ అక్షరాల్ని మామూలుగా దాచుకునే యూటీఎఫ్-8 పద్ధతిలో తెలుగు కోడ్ ఒక్కోటి మూడు బైట్లు తింటుంది, 'అమ్మ' అన్న చిన్న మాటకే అ, మ, పొల్లు, మ కలిపి 12 బైట్లు. కానీ ప్రపంచ భాషల అక్షరాలన్నిటికీ నంబర్లు ఇచ్చే యూనికోడ్‌లో తెలుగుకి ఇచ్చిన వరస మొత్తం 128 స్థానాలే, కాబట్టి ఆ స్థానం నంబరుకి 128 కలిపి ఒక్క బైట్‌లో పెట్టేయొచ్చు, ఇంగ్లిషు అంకెలూ చుక్కలూ ఎలాగూ 128 లోపే ఉంటాయి. ఒక్కసారిగా మూడింతల చోటు. 'ఆఫీస్‌లో' లాంటి మాటల్లో పొల్లు నిలబెట్టే కనిపించని కోడ్ ఒకటుంటుంది, అది ఈ వరసలో ఉండదు, దానికి 1 అన్న విలువ ఇచ్చుకోండి. నేను మర్చిపోయాను, 'షిప్‌యార్డ్' కాస్తా 'షిప్యార్డ్' అయి కూర్చుంది.

తర్వాత రీడ్-సాలమన్. ఇర్వింగ్ రీడ్, గుస్టావ్ సాలమన్ అనే ఇద్దరు 1960లో ఇచ్చిన లెక్క ఇది, అసలు మాటకి కొన్ని కాపలా బైట్లు కలిపితే కొన్ని చెడినా మిగతావాటి నుంచి తిరిగి కట్టేస్తుంది, గీతలు పడ్డ సీడీ కూడా పాట పాడేది దీని పుణ్యమే. పైథాన్‌లో రీడ్‌సోలో అన్న లైబ్రరీ, అంటే రెడీమేడ్ కోడ్, ఉంది. 255 బైట్ల బ్లాకులు నాలుగు, ఒక్కోదానిలో 191 మీ మాట, 64 కాపలా. అలా మొత్తం 764 బైట్లు దొరుకుతాయి, ముందు రెండు బైట్లలో నిడివి రాయండి, మిగతాది పాత పోస్టుకార్డు మీద పట్టేంత ఉత్తరం.

ఇక్కడ నేను చేసిన తప్పు మీరు చేయకండి. మరక పడితే నష్టం చెల్లాచెదురు కావాలి కదా అని గళ్లన్నిటినీ విడివిడిగా కలిపేశాను. రీడ్-సాలమన్ లెక్కపెట్టేది బిట్లని (విడివిడి ఒకట్లు, సున్నాలు) కాదు, బైట్లని. బైట్‌లో ఒక్క గడి చెడినా, ఎనిమిదీ చెడినా దానికి ఒకటే తప్పు. గళ్లు విడగొడితే ఒక చిన్న టీ చుక్క పదుల కొద్దీ బైట్లని తాకుతుంది. అందుకే ఎనిమిది గళ్లూ ఒకే బిళ్లలో కలిసి ఉండాలి, చెదరాల్సింది బిళ్లలు. బైట్లకి సున్నా నుంచి వరస నంబర్లు వేసి, ఒక్కోదాని నంబరుని 389తో గుణించి 1020తో భాగించగా వచ్చిన శేషం ఎంతో ఆ నంబరు బిళ్లలో పెట్టండి. ర్యాండమ్ షఫుల్ వాడొద్దు, పదేళ్ల తర్వాత లైబ్రరీ మారి క్రమం మారితే ఎవరిని అడుగుతారు?

మూల గుర్తులు క్యూఆర్ కోడ్‌లో ఉన్నట్టే ఒకదానిలో ఒకటి చదరాలు, నలుపు తెలుపు నలుపు తెలుపు నలుపు 1:1:3:1:1 పాళ్లలో, నడుమ గుండా ఏ వైపు నుంచి గీత లాగినా అదే పాళ్లు. మూడు ఇలా వేసి నాలుగోదాని నడుమ ఖాళీగా వదిలేయండి, పై వైపు ఏదో తెలియడానికి. ఇది తప్పనిసరి. ఫొటో తలకిందులైతే గీతల వాలు మారదు గానీ క్రమం తిరగబడుతుంది, పక్కకి తిరిగితే ఒకట్లు సున్నాలు, సున్నాలు ఒకట్లు. మధ్యలో ఆనవాళ్లు 5 వరసలు, వరసకి 7, ఒక్కోటి మనకి ముందే తెలిసిన ఒకే రకం బిళ్ల.

ప్రింట్ దగ్గర జాగ్రత్త. ఫైల్ గ్రేస్కేల్‌లో ఇవ్వండి, రంగుల ఫైల్ ఇస్తే నలుపుని నాలుగు ఇంకులతో కొట్టి, అవి వెంట్రుకవాసి జరిగినా అంచులు అలుక్కుపోతాయి. ద్వారకానగర్‌లో ఒక షాపులో మొదటి కాపీ తీయించాను. చుట్టూ మూడు మిల్లీమీటర్లకి పైగా తెల్ల అంచు వదిలాను కదా, కుర్రాడు “అంచు ఉంటే బాగోదు సార్, నిండుగా కొట్టేశాను” అన్నాడు. నిండుగా అంటే కాస్త పెద్దది చేసి చుట్టూ కోసేయడం. మూల గుర్తులు సగం సగం పోయాయి. “తమ్ముడూ, హండ్రెడ్ పర్సెంట్ సైజు, ఎన్‌హాన్స్ వద్దు, అంచు ఉంచు” అని మూడు ముక్కలూ ముందే చెప్పండి. మ్యాట్ పేపరే తీసుకోండి, గ్లాసీ మీద ట్యూబ్‌లైట్ వెలుగు పడి నాలుగు వరసలు మాయమవుతాయి.

ఇక చదవడం. స్కానరైతే 300 డీపీఐ చాలు, గడికి 14 పిక్సెళ్లు వస్తాయి. 'డిస్క్రీన్' అన్న ఆప్షన్ ఉంటే తీసేయండి, అది అచ్చు చుక్కల్ని నున్నగా చేయడానికి పెట్టింది, మన గీతల్ని కూడా చుక్కలే అనుకుని తుడిచేస్తుంది. ఫోనైతే మీద పడి తీయకుండా రెండడుగులు వెనక్కి జరిగి జూమ్ చేయండి, దగ్గర్నుంచి తీస్తే వైడ్ లెన్స్ అంచుల్ని విల్లులా వంచుతుంది. వాట్సాప్‌లో పంపేవాళ్లని డాక్యుమెంట్‌గా పంపమనండి, మామూలుగా పంపితే ఫొటో కుదించుకుపోతుంది.

నాలుగు మూలల నడుములు దొరికితే, బొమ్మలతో పని చేసే లైబ్రరీ అయిన ఓపెన్‌సీవీలో గెట్ పర్‌స్పెక్టివ్ ట్రాన్స్‌ఫార్మ్‌కి ఆ నాలుగు బిందువులూ, అవి ఉండాల్సిన చోట్లూ ఇవ్వండి. నాలుగు బిందువులంటే ఎనిమిది సంఖ్యలు, బొమ్మని సరిచేసే మాత్రికలో మనకి తెలియనివీ ఎనిమిదే, లెక్క సరిపోతుంది. వార్ప్ పర్‌స్పెక్టివ్‌తో బొమ్మని 2240 బై 3360కి చాపేయండి, పక్క నుంచి తీసిన ఏటవాలు ఫొటో బల్లపరుపుగా పడుకుంటుంది.

చాలామంది ఇక్కడే ఆగిపోయి, మూలల దగ్గర బాగానే చదివింది మధ్యలో ఎందుకు చదవట్లేదని టెన్షన్ పడతారు. ఆ లెక్క కాగితం చదునుగా ఉందన్న నమ్మకం మీద నడుస్తుంది. మన సముద్రపు గాలికి ఏ కాగితం చదునుగా ఉంటుంది? తేమ పీల్చిన కాగితం నారకి అడ్డంగా ఎక్కువ సాగుతుంది, నార వెంట తక్కువ, పైగా ఒక పక్కకి చుట్టుకుంటుంది. ఫీడర్ స్కానరైతే కాగితాన్ని లాగే రోలర్ ఒక చోట జారి, అక్కడ నాలుగు వరసలు సాగదీసినట్టు వస్తాయి. గడి సైజులో సగం జరిగినా పక్క గడి గీతని చదివేస్తాం. ఆ 35 ఆనవాళ్లు ఇందుకే. ఒక్కోదాన్ని ఉండాల్సిన చోటు చుట్టూ గడి దూరంలోనే, నమూనాతో పోల్చి చూసే మ్యాచ్ టెంప్లేట్‌తో వెతకండి, అంతకంటే దూరం వెతికితే అచ్చం అలాంటి పక్క బిళ్లే దొరకొచ్చు. ఎంత పక్కకి, ఎంత కిందకి జరిగిందో రాసుకుని, మధ్య గళ్లకి ఆ జరుగుళ్లని సర్దుబాటు చేసి, పిక్సెళ్లని వాటి చోటికి జరిపే రీమ్యాప్ కొట్టండి. మూలలతో కలిపి కాగితం మీద పలచని వల పరిచినట్టు.

గడి చదవడానికి నలుపు తెలుపు హద్దు ఏదీ పెట్టక్కర్లేదు, ఈ పద్ధతిలో నాకు బాగా నచ్చింది ఇదే. ఒక మూల నుంచి ఎదురు మూలకి ఎంత నలుపు, రెండో జత మూలల మధ్య ఎంత నలుపు, ఏది ఎక్కువైతే అది. నీడ పడితే రెండూ కలిసే నల్లబడతాయి, తేడా అలాగే ఉంటుంది. రెండూ దాదాపు సమానంగా వస్తే ఊహించొద్దు, ఆ బైట్ చెరిగిపోయిందని రాసుకుని ఆ స్థానం రీడ్‌సోలోకి చెప్పండి. ఎక్కడ చెడిందో తెలియని బైట్లు ఒక బ్లాకులో 32 వరకే సరిచేస్తుంది, చోటు చెప్తే 64 వరకు. తెలియనిదాన్ని తెలియదని ఒప్పుకుంటే రెట్టింపు.

ప్రింట్ రాగానే అద్దంలో పెట్టకండి. ఒక కాపీ మీద టీ గ్లాసు పెట్టండి, జేబులో మడిచి ఒక రోజు తిరగండి, బాల్కనీలో ఒక రాత్రి వదిలేసి పొద్దున్నే ఫోన్‌తో వాలుగా తీసి చదివించండి. నాది మడత దగ్గర రెండు వరసలు పూర్తిగా పోయినా ఉత్తరం మొత్తం వచ్చింది, గ్లాసీ కాపీ మాత్రం రాలేదు.

ఇంకొకటి. 80 బై 120, బిళ్ల రెండు బై నాలుగు, 389, బ్లాకులు నాలుగు, కాపలా 64, అక్షరానికి 128 కలపాలి. ఈ ఒక్క వరస ఫొటో వెనకాల రాసిపెట్టండి, లేకపోతే మీ మనవలకి అది గీతల ఫొటోగానే మిగులుతుంది. పెన్సిల్‌తో రాయండి, ఇంకుతో వద్దు.