పాత సినిమా హాలును చదవడం – 4వ పాఠం: తెర చుట్టూ ఉన్న గోడ

ఈసారి బాల్కనీ గురించి చెప్పాలి. కానీ కావలి, గూడూరు, కందుకూరు నుంచి మీరు పంపిన కొలతల్లో చాలావాటిలో ఒకటే తప్పు ఉంది. ‘తెర సినిమాస్కోపు (బాగా వెడల్పాటి తెర), కాబట్టి హాలు 1974 తర్వాత కట్టింది’ అని రాశారు. తెలుగులో మొదటి సినిమాస్కోపు చిత్రం ‘అల్లూరి సీతారామరాజు’ 1974లో వచ్చిందని నేనే చెప్పి వదిలేశాను. తప్పు నాది. బాల్కనీ వచ్చే పాఠంలో చూద్దాం.

తెర వయసు వేరు, హాలు వయసు వేరు. పాత తెర ఎత్తు ఒక అడుగైతే వెడల్పు 1.37 అడుగులు. స్కోపుకి 2.35. అంటే 15 అడుగుల ఎత్తున్న పాత తెర వెడల్పు ఇరవై అడుగుల పైచిలుకు. అదే ఎత్తులో స్కోపు కావాలంటే 35 అడుగులు. హాలే 30 అడుగుల వెడల్పు ఉంటే ఎక్కడ పడుతుంది? తెర ఎత్తు పన్నెండు ముప్పావుకి దించాలి. అప్పుడు కూడా తెర చుట్టూ ఉన్న కమాను అడ్డొస్తుంది, దాన్ని పగలగొట్టాలి.

ఆ పగలగొట్టిన గుర్తే మీరు వెతకాల్సింది. వేదిక మీద స్తంభాల మొదళ్లు. సున్నపు గోడకి సిమెంటు అతుకు. తెర వెనక్కి పోయి మూసుకుపోయిన పక్క తలుపు. నెల్లూరు ట్రంకు రోడ్డుకి దగ్గర్లో ఒక హాలుంది, ఇప్పుడు బియ్యం గోడౌను. బస్తాల వెనక పాత కమాను మీద పూలతీగ సగం మిగిలింది. వెలుతురు తిరిగి తెర మీద పడకుండా దానికీ నల్లరంగు పూసేశారు. చేత్తో తడిమితేనే తెలిసింది. చాలాసేపు అక్కడే నిలబడిపోయాను.

ముఖద్వారాన్ని కూడా నమ్మకండి. ముంబైలో 1938 నాటి మెట్రో సినిమా హాలుని 2006లో మల్టీప్లెక్సు చేసినా బయటి రూపం ఉంచారు. మన దగ్గర తిరగబడి ఉంటుంది, బయట కొత్త షీట్లు, లోపల పాత ఇనుప దూలాలు.

నేనైతే ఏ హాలుకి వెళ్లినా ముందు వెనకవైపు ప్రొజెక్టరు గది చూస్తాను. ప్రొజెక్టరు వెలుతురు కోసం మండించే కార్బన్ కడ్డీల పొగ పోయే గొట్టం, బయటినుంచి విడిగా మెట్లు. అప్పట్లో ఫిల్ము భగ్గున అంటుకునేది, అందుకే ఆ గదిని అలా వేరుచేశారు.



అభ్యాసం: ఒక పాత హాలు యజమానిని అడిగి లోపలికి వెళ్లండి. టేపు వద్దు, అంగలతో కొలవండి (నా అంగ రెండున్నర అడుగులు, మీది ముందు చూసుకోండి). తెర గోడని మూడుసార్లు గీయండి: ఇప్పుడున్నట్టు, కమాను పగలకముందు, నాటకాలకి వాడి ఉంటే అప్పటి వేదికతో. మూడూ పంపండి. టార్చిలైటు మరవకండి.