పల్లి పొట్టుతో నీళ్లలోని రాగిని పట్టడం ఎలా?

పాలమూరు వైపు పల్లీలు ఒలిచాక పైనుండే గట్టి పొట్టు పొయ్యిలోకి పోతుంది. నీళ్లలో కరిగిన రాగి, సీసం లాంటి భార లోహాలను పట్టుకునే గుణం ఆ పొట్టుకు ఉంది. దాని పీచు మీద నెగటివ్ ఆవేశం ఉండే చోట్లుంటాయి, పాజిటివ్ ఆవేశమున్న లోహం వచ్చి అక్కడ అతుక్కుంటుంది. దీన్నే అధిశోషణం అంటారు. సైన్స్ ఫెయిర్‌కు పిల్లలతో చేయించదగ్గ ప్రయోగమిది, పెద్దవాళ్లు పక్కనుండాలి. తాగే నీళ్ల కోసం మాత్రం కాదు.

1. పొట్టును మట్టి పోయేలా కడిగి ఎండబెట్టి, ఇడ్లీ రవ్వంత బరకగా పట్టండి. మెత్తని పొడిని జల్లించి తీసేయండి, అది గుడ్డకు అడ్డం పడుతుంది. మిగిలిన దాన్ని పది నిమిషాలు ఉడికించి వంపేయండి. గోధుమ రంగు దిగడం ఆగేదాకా ఇలాగే చేసి, మళ్లీ ఎండబెట్టండి. బద్ధకించి ఈ పని వదిలేస్తే తర్వాత ఏ రంగు దేనిదో తేలదు.

2. బత్తాయి తోటల్లో తెగుళ్లకు కొట్టే బోర్డో మిశ్రమం కలిపేవాళ్ల దగ్గర మైలుతుత్తం (కాపర్ సల్ఫేట్) దొరుకుతుంది. అది విషం. చేతులకు గ్లౌజులు వేసుకోండి, వంటింటి గిన్నెలు వాడకండి, ప్లాస్టిక్ సీసాలు చాలు. 1 లీటరు ఆర్వో నీళ్లలో 1 గ్రాము కరిగిస్తే అందులో సుమారు 250 మిల్లీగ్రాముల రాగి ఉంటుంది. బోరు నీళ్లు వద్దు. మన దగ్గర వాటిలో క్షారం ఎక్కువ, రాగి తనంతట తానే మడ్డిలా దిగిపోతుంది, ఘనత పొట్టుకు కట్టబెడతాం.

3. ఆ నీళ్లను రెండు సీసాల్లో సగం సగం పోయండి. ఒకదాంట్లో 10 గ్రాముల పొట్టు వేయండి, రెండోది ఉత్తగా ఉంచండి. రెంటినీ అప్పుడప్పుడు ఊపుతూ రెండు గంటలు ఆగి, గుడ్డలో వడకట్టండి.

4. తేడా చూడ్డానికి ఇనుప మేకులు చాలు. శాండ్ పేపర్‌తో మెరిసేలా రుద్ది, ఒక్కో సీసాలో ఒకటి వేయండి. జింకు పూత ఉన్న మేకులు వద్దు. ఉత్త సీసాలోని మేకుకు ఎర్రటి రాగి పూత పడుతుంది. పొట్టు వేసిన నీళ్లలో పూత పల్చగా, ఆలస్యంగా వస్తుంది. ఇంకా తగ్గించాలంటే వడకట్టిన నీళ్లలో కొత్త పొట్టు వేసి మళ్లీ చేయండి. ఒకేసారి రెట్టింపు వేయడం కంటే ఇదే మేలు.

సంతోషపడే ముందు ఒక లెక్క. నూటికి తొంభై వంతుల రాగి పోయిందనుకున్నా లీటరుకు 25 మిల్లీగ్రాములు మిగులుతుంది. తాగునీటికి మన దేశ ప్రమాణంలో రాగి గరిష్ఠ పరిమితి 1.5, అంటే ఇంకా పదహారు రెట్లకు పైనే.

నల్గొండ జిల్లా వాళ్లు అడగబోయేది తెలుసు: ఫ్లోరైడ్ సంగతేంటి? దాని ఆవేశం నెగటివ్, కాబట్టి ఉత్త పొట్టుకు అది చిక్కదు. దానికి పటిక, సున్నం కలిపి తేర్చే నల్గొండ పద్ధతి వేరే ఉంది.

వాడిన పొట్టును పెంటకుప్ప మీద వేయకండి. పులుపు, ఆమ్లం తగిలితే పట్టిన రాగిని మళ్లీ వదిలేస్తుంది. ఎండబెట్టి కవర్లో కట్టి, మిగిలిన నీళ్లతో పాటు స్కూలు ల్యాబ్‌లో రసాయన వ్యర్థాల్లో ఇచ్చేయండి. గొర్రెలున్న ఇల్లయితే వాటి మూతికి అందకుండా చూడండి, గొర్రెలకు రాగి అసలు పడదు.