పాత బైకు వెనక బ్రేకు పట్టేస్తుంటే: డ్రమ్ము విప్పే ముందు

మైపాడు, కొత్తపట్నం వైపు ఉప్పుగాలిలో తిరిగే పాత బండ్లకు చక్రం మధ్యలోని డ్రమ్ముకు బ్రేకు షూలను నొక్కే క్యామ్ తుప్పు పట్టి, పెడల్ వదిలినా ఆ షూలు వెనక్కి రావు.

• డ్రమ్ము చల్లారనివ్వండి. ఇసుకలో వద్దు, గట్టి నేల మీదే సెంటర్ స్టాండ్ వేయండి.

• ముందు బ్రేకు రాడ్ చివరి బిగింపు నట్టు వదులు చేసి చక్రం తిప్పి చూడండి. తేలిగ్గా తిరిగితే బిగింపు ఎక్కువైందో, పెడల్ దగ్గర బిగుసుకుందో! చక్రం విప్పే పనే ఉండకపోవచ్చు.

• లోపలి నల్లటి దుమ్మును నోటితో ఊదొద్దు, ఎయిర్ కొట్టొద్దు. పాత షూలలో ఆస్‌బెస్టాస్ ఉండొచ్చు, అది ఊపిరితిత్తులకు చేటు. మాస్కు కట్టుకుని తడిగుడ్డతో తుడవండి, ఆ గుడ్డను కవర్లో మూటగట్టి పారేయండి. పిల్లల్ని దగ్గరికి రానివ్వకండి, దయచేసి.

• క్యామ్ లివర్ తీసేముందు, మళ్లీ అదే చోట బిగించేలా గుర్తు గీయండి.

• గ్రీజు క్యామ్‌కు పల్చగా పూయండి. షూల మీది లైనింగ్‌కు (డ్రమ్ముకు రాసుకునే పొరకు) అంటితే బ్రేకు పడదు.

• హైవే ఎక్కకముందే వీధిలో మెల్లగా నడిపి, బ్రేకు పట్టి వదిలి చూడండి.