తుపాకీ సంరక్షణ – నాలుగో పాఠం: ఏ మురికికి ఏ ద్రావకం, ఏ చోటికి ఏ నూనె

గత పాఠంలో 12 బోరు డీబీబీఎల్‌ను, అంటే వెనక నుంచి కార్ట్రిడ్జి పెట్టే జంట బ్యారెళ్ల తుపాకీని, బ్యారెళ్లు, ఫోర్ ఎండ్ (బ్యారెళ్ల కింది చెక్క), స్టాక్ (భుజానికి ఆనే చెక్క) అని మూడు భాగాలుగా విడదీసి మళ్లీ కలపడం సాధన చేశాం. ఈసారి దుకాణానికి వెళ్దాం. సీసాల వరస ముందు నిలబడి ఏది కొనాలో, ఏది వదిలేయాలో తేల్చుకోవడమే ఈ పాఠం. రైఫిల్ ఉన్నవాళ్లకు పనికొచ్చే సంగతులు మధ్యమధ్యలో వస్తాయి. పాఠం నడిచేది మాత్రం జంట బ్యారెళ్ల తుపాకీ మీదే. పొలం కాపలాకైనా, బ్యాంకు గేటు దగ్గరైనా, తాతగారి లైసెన్సు మీద వచ్చిందైనా మన వైపు తరచుగా కనబడేది అదే కదా.

ప్రతి పాఠంలో చెప్పే మాట ఇక్కడా చెప్పాలి. తుపాకీని కీలు దగ్గర మడిచి తెరిచి, కార్ట్రిడ్జి కూర్చునే రెండు చాంబర్లలోకీ చూడండి, వేలు పెట్టి తడమండి. కార్ట్రిడ్జిలు వేరే గదిలో తాళం వేసి ఉండాలి. శుభ్రం చేసే బల్ల మీద ఒక్కటి కూడా ఉండకూడదు. దీనికి ఈ పాఠంలో ఇంకో కారణం కూడా ఉంది. లోపలికి చొరబడే స్వభావం ఉన్న పల్చటి నూనె, కార్ట్రిడ్జి అడుగున మందును అంటించే ప్రైమర్ అంచు దగ్గర నుంచి లోపలికి పాకితే, ఆ కార్ట్రిడ్జి అవసరానికి పేలకపోవచ్చు.

పేలే తుపాకీయా, నిలబడే తుపాకీయా?

ద్రావకం పేరు అడిగే ముందు మీ తుపాకీ ఏడాదికి ఎన్నిసార్లు పేలుతుందో అడగండి. మన లైసెన్సుదారుల్లో చాలామంది జవాబు వేళ్ల మీద లెక్కపెట్టేంతే. కొందరిది సున్నా. ఇంటర్నెట్‌లో దొరికే సలహాలు ఎక్కువగా అమెరికా వాళ్లవి. ఒక్క వారాంతంలో వంద రౌండ్లు కాల్చేవాళ్ల కోసం రాసినవి. టెక్సస్‌లో ఉంటూ రేంజికి వెళ్లే మన తెలుగువాళ్లకు అవి చక్కగా సరిపోతాయి. కాకినాడలోనో మచిలీపట్నంలోనో బీరువాలో నిలబడే తుపాకీకి అక్కడి సలహా సగమే పనికొస్తుంది. మన తుపాకీని తినేది మందు మసి కాదు, గాలిలో తేమ.

ఎన్నికల కోడ్ వచ్చినప్పుడు ఆయుధాలు డిపాజిట్ చేసినవాళ్లకు ఇది వివరించి చెప్పక్కర్లేదు. 2024లో కోడ్ మార్చి 16న అమల్లోకి వచ్చింది, ఫలితాలు జూన్ 4న వచ్చాయి. అంటే రెండున్నర నెలలకు పైగా తుపాకీ మన చేతిలో ఉండదు, తుడిచే దిక్కూ ఉండదు. అన్ని వారాల పాటు తనను తాను కాపాడుకునేలా దాన్ని సిద్ధం చేసి అప్పగించాలి. ఏ నూనె కొనాలన్న ప్రశ్నను నేను ఎప్పుడూ అక్కడి నుంచే మొదలుపెడతాను.

సీసాలు చేసే పనులు మూడే. ఒకటి మురికిని కరిగించడం, రెండోది రెండు ఇనుప ముఖాల మధ్య పొరగా నిలిచి రాపిడి తగ్గించడం, మూడోది తేమను లోహం దగ్గరికి రానివ్వకపోవడం. కరిగించేది పల్చగా ఉండాలి, పని అయ్యాక ఎగిరిపోవాలి. కాపాడేది అతుక్కుని ఉండాలి, ఎగిరిపోకూడదు. ఒకే సీసా ఈ మూడూ చేస్తుందంటే, కుంకుడు రసం, తలనూనె కలిపి ఒకే గిన్నెలో ఇచ్చినట్టే. అలాంటివి ఉన్నాయి, వాటిని సీఎల్‌పీ అంటారు. అమెరికా సైన్యం దీనికోసం ప్రత్యేక ప్రమాణమే రాసుకుంది. సైనికుడి సంచిలో మూడు సీసాలకు చోటుండదు, ఆయుధాన్ని రోజూ తుడుస్తాడు కాబట్టి అతనికి అది సరైన ఏర్పాటే. బీరువాలో రెండు నెలలు ముట్టుకోని తుపాకీకి నేనైతే వేర్వేరు సీసాలే వాడతాను.

మురికిని గుర్తుపట్టడం

12 బోరు బ్యారెల్లో మిగిలేవి ముఖ్యంగా మూడు. పొగ రాని మందు కాలాక మిగిలే నల్లటి మసి, ఛర్రాల (కార్ట్రిడ్జిలోని చిన్న గుండ్ల) నుంచి రాలిన సీసం, మందుకూ ఛర్రాలకూ మధ్య ఉండే ప్లాస్టిక్ వాడ్ రాసుకుని అంటిన పొర. సీసం ఎక్కువగా రెండు చోట్ల పేరుకుంటుంది: చాంబర్ దాటగానే బ్యారెల్ సన్నబడే చోట, చివర మూతి ఇరుకయ్యే చోక్ దగ్గర. వెలుతురుకు ఎత్తి చూస్తే బూడిదరంగు చారలుగా కనిపిస్తుంది. మసికి ద్రావకం చాలు. సీసానికి ద్రావకంతో పాటు కంచు తీగల బ్రష్ కావాలి, ఎందుకంటే అక్కడ పని చేసేది ప్రధానంగా రాపిడే. ద్రావకం పట్టించి పది నిమిషాలు ఆగి, బ్రష్‌ను చాంబర్ వైపు నుంచి తోయండి. తర్వాత గుడ్డ. పోలీసులు, ఎన్‌సీసీ పిల్లలు చిందీ అంటారే, అదే. చిందీ తెల్లగా వచ్చేదాకా మారుస్తూ ఉండండి.

పేరున్న ద్రావకాల్లో పాతది హాప్పీస్ నంబర్ 9. 1903 నుంచి ఉంది. అరటిపండు లాంటి వాసన వస్తుంది, అది అమైల్ ఎసిటేట్‌ది. ఆయుధాల డీలర్ల దగ్గర దిగుమతి సరుకు దొరికితే మంచిదే. దొరకకపోతే పెయింట్ షాపులో అమ్మే మినరల్ టర్పెంటైన్ మసికి బాగానే పనిచేస్తుంది. కిరోసిన్ కూడా పనిచేస్తుంది, కానీ ఇప్పుడు అది దొరకడమే కష్టం. రెండూ వాడాక పూర్తిగా తుడిచి, వెంటనే నూనె రాయాలి. ద్రావకంతో కడిగిన ఉక్కు ఒంటి మీద బట్ట లేకుండా నిలబడినట్టే, వానాకాలంలో ఒక్క రాత్రి చాలు తుప్పు మొలవడానికి.

పెట్రోల్ వద్దు. మసిని బ్రహ్మాండంగా కరిగిస్తుందన్నది నిజమే. కానీ మైనస్ 40 డిగ్రీల చలిలోనూ మంట అందుకునేంత ఆవిరి దాన్నుంచి లేస్తుంది. మన మే నెలలో మూసిన గదిలో అది ఏం చేస్తుందో ఊహించుకోండి. కిరోసిన్ అయితే 38 డిగ్రీల చుట్టుపక్కల దాకా అలా అంటుకోదు. మన ఎండలకు ఆ హద్దు కూడా దాటిపోతుంది కాబట్టి ఏది వాడినా కిటికీలు తెరిచి, పొయ్యికీ దీపానికీ దూరంగా కూర్చోండి. థిన్నర్, ఎసిటోన్ స్టాక్ మీది పాలిష్‌ను తినేస్తాయి.

రైఫిల్ ఉన్నవాళ్లకు ఇంకో మురికి ఉంటుంది. రాగి తొడుగున్న బుల్లెట్ బ్యారెల్ లోపలి గాడుల్లో రాగిని వదిలేస్తుంది. దానికి అమోనియా ఉన్న ద్రావకం వాడతారు. చిందీ నీలంగా బయటికి వస్తే రాగి కరుగుతోందని అర్థం. ఇక్కడొక చిక్కుంది. కంచు బ్రష్‌లోనూ, ఇత్తడి రాడ్ మొనలోనూ రాగి ఉంటుంది. వాటిని కూడా అమోనియా కరిగిస్తుంది కాబట్టి బ్యారెల్ శుభ్రంగా ఉన్నా నీలం వస్తూనే ఉంటుంది, మీరు రుద్దుతూనే ఉంటారు. ఈ ద్రావకంతో నైలాన్ బ్రష్ వాడండి. సీసా మీద రాసిన సమయం దాటనివ్వకండి. నికెల్ పూత ఉన్న ఆయుధానికి అసలు తాకించకండి, ఆ పూత కింద చాలాసార్లు రాగి పొరే ఉంటుంది.

నూనె తాకలేని మురికి

ఈ పాఠంలో ఒక్క విషయమే గుర్తుంచుకుంటానంటే ఇది గుర్తుంచుకోండి. పాత మిలిటరీ తూటాల ప్రైమర్లలో పొటాషియం క్లోరేట్ ఉండేది. అది పేలాక పొటాషియం క్లోరైడ్‌గా మారి బ్యారెల్ గోడలకు అంటుకుంటుంది. అది ఉప్పు. మనం తినే ఉప్పుకు దగ్గరి చుట్టం. నూనెలో ఉప్పు కరగదు. ఎంత ఖరీదైన నూనె పోసినా ఆ ఉప్పు మీద నూనె పొర వేసి పడుకోబెట్టినట్టే. గాలిలో తేమ సుమారు 84 శాతం దాటితే అది నీటిని పీల్చుకుని కరిగి, నూనె కిందే ఉక్కును తొలిచేస్తుంది. వానాకాలంలో మన కోస్తాకు 84 శాతం పెద్ద లెక్కేమీ కాదు.

అందుకే .303 రైఫిల్ కాలంలో బ్యారెల్లో మరిగే నీళ్లు పోసేవాళ్లు. నీళ్లు ఉప్పును కరిగిస్తాయి, వేడెక్కిన ఉక్కు తనంతట తానే ఆరిపోతుంది. ఆ తర్వాతే మసికి ద్రావకం, చివర నూనె. ఇప్పుడు వస్తున్న తూటాల్లో ఎక్కువ వాటికి ఈ బాధ లేదు. ఏ కాలానివో తెలియని పాత తూటాలు కాల్చి ఉంటే మాత్రం వేడి నీళ్లు పోయండి, పోయేదేమీ లేదు. డీబీబీఎల్‌లో ఇది సులువు: బ్యారెళ్లు విడిగా వచ్చేస్తాయి కాబట్టి చెక్కకు చుక్క తగలకుండా చేయవచ్చు. నల్ల తుపాకీ మందును మూతి నుంచి పోసి కూరే ఒంటి బ్యారెల్ తుపాకీ (ఎస్‌బీఎంఎల్) లైసెన్సు ఉన్నవాళ్లకైతే నీళ్లు తప్పనిసరి. ఆ నల్ల మందు మిగిల్చే మురికిలో ఎక్కువ భాగం లవణాలే. వేడి నీళ్లు, కాస్త సబ్బు ముందు, మిగతావన్నీ తర్వాత.

తూటాలో ఏముందో చూడకుండా సంరక్షణ నిర్ణయిస్తే ఏమవుతుందో వియత్నాంలో అమెరికన్లకు ఎం16 రైఫిల్ నేర్పింది. మందు రకం మార్చారు, మసి పెరిగింది. చాంబర్‌కు క్రోమ్ పూత లేదు, అడవి తేమకు గుంటలు పడ్డాయి. శుభ్రం చేసే సామాను సరిపడా ఇవ్వలేదు. పేలిన తూటాల ఖాళీ తొడుగులు చాంబర్‌లోనే ఇరుక్కుపోయి సైనికులు చనిపోయారు. 1967లో అమెరికా కాంగ్రెస్ కమిటీ దీనిపై విచారణ జరపాల్సి వచ్చింది. తర్వాత చాంబర్‌కు క్రోమ్ వచ్చింది, ప్రతి సైనికుడికీ క్లీనింగ్ సామాను వచ్చింది.

ఇంట్లో ఉన్నవాటితో సరిపెట్టుకోవచ్చా?

కొబ్బరి నూనె రాస్తే చాలని పల్లెల్లో ఇప్పటికీ అనేవాళ్లున్నారు. నువ్వుల నూనె, ఆముదం కూడా వాడేవాళ్లున్నారు. వద్దు. తినే నూనెలు గాలి తగిలి మక్కిపోతాయి. కొన్ని జిగురు కడతాయి, కొన్నింటిలో ఆమ్లాలు పెరుగుతాయి. కొబ్బరి నూనె 24 డిగ్రీల కిందికి దిగితే గడ్డకడుతుంది. ఆదిలాబాద్ చలిలో, ప్రైమర్‌ను కొట్టే ఫైరింగ్ పిన్ చుట్టూ అలా గడ్డకట్టిన నూనె ఉంటే దెబ్బ బలహీనపడుతుంది.

కుట్టు మిషన్ నూనె సంగతి వేరు. అది శుద్ధి చేసిన పల్చటి ఖనిజ నూనె, జిగురు కట్టదు, కదిలే భాగాలకు బాగుంటుంది. తుప్పును ఆపే శక్తి మాత్రం దానిలో తక్కువ. కొత్త ఇంజన్ ఆయిల్ అత్యవసరానికి పనికొస్తుంది. బండిలోంచి తీసిన పాతది పనికిరాదు, దానిలో ఆమ్లాలు, లోహపు రజను ఉంటాయి.

ఇక ప్రతి హార్డ్‌వేర్ షాపులో ఉండే డబ్ల్యూడీ-40. దీన్ని 1953లో శాన్ డియేగోలో నీటిని తరిమేయడానికి తయారుచేశారు. అట్లాస్ క్షిపణి పైతొడుగు తుప్పు పట్టకుండా వాడారు. వానలో డ్యూటీ చేసి వచ్చిన గార్డు తుపాకీ మీద ముందు కొట్టాల్సింది ఇదే, మూలల్లో దాక్కున్న నీటిని బయటికి నెడుతుంది. దానిలో ఎక్కువ భాగం ఎగిరిపోయే ద్రావకం. మిగిలే పొర నెలల తరబడి కాపలా కాయలేదు. కొట్టండి, తుడవండి, తర్వాత అసలు నూనె రాయండి. దీన్ని కొట్టేసి బీరువాలో పెట్టడమే మన దగ్గర ఎక్కువగా జరిగే తప్పు.

జర్మనీవాళ్ల బాలిస్టోల్ దొరికితే ఒక సీసా కొనమంటాను. 1904 నాటిది. కొంచెం క్షార గుణం ఉంటుంది, నీళ్లతో కలిపితే పాలలా తెల్లబడి కలిసిపోతుంది. నీళ్లు పోసి కడగాల్సిన తుపాకులకు ఆ గుణం బాగా కలిసొస్తుంది. ధర కొంచెం ఎక్కువే, వాసన అందరికీ నచ్చదు.

ఎక్కడ, ఎంత

బ్యారెళ్లు తిరిగే కీలు దగ్గరా, ఫోర్ ఎండ్ వచ్చి ఆనే ఇనుము మీదా బరువు పడుతుంది. అక్కడ నూనె నిలవదు, గ్రీజు కావాలి. పెసర గింజంత లిథియం గ్రీజు చాలు. కార్ట్రిడ్జిని చాంబర్ నుంచి వెనక్కి నెట్టే ఎక్స్‌ట్రాక్టర్ కాడకు ఒక చుక్క పల్చటి నూనె. ట్రిగ్గర్ లోపలికి ఏమీ పోయకండి. అది లైసెన్సున్న గన్‌స్మిత్ విప్పి చూసే చోటు. తెలంగాణ ఎండాకాలపు దుమ్ములో ఎక్కువైన నూనె దుమ్మును పట్టుకుని సానరాయిలా అరగదీస్తుంది. అక్కడివాళ్లు తడి తెలిసీ తెలియనంత పొరతో ఆగాలి. తీరం వాళ్లు పైభాగం మీద కాస్త మందంగా రాయవచ్చు.

డిపాజిట్ చేసే ముందు, లేదా నెలలపాటు పక్కన పెట్టే ముందు, పెట్రోలియం జెల్లీ రకం తుప్పు నిరోధక గ్రీజును బ్యారెళ్ల లోపలా బయటా పలచగా పట్టించండి. తిరిగి వచ్చాక కాల్చే ముందు దాన్ని పూర్తిగా తుడిచేయాలి. బ్యారెల్లో గ్రీజు ముద్ద ఉంటే అది అడ్డమే, ఒత్తిడి పెరుగుతుంది. చాంబర్ గోడలకు నూనె ఉంటే కార్ట్రిడ్జి గోడను పట్టుకోదు, దెబ్బంతా చాంబర్‌ను వెనక నుంచి మూసే బ్రీచ్ మీద పడుతుంది.

నూనె రాసిన తుపాకీని మొదటి రాత్రి మూతి కిందికి పెట్టి ఆనించండి, కింద పాత కాగితం వేసి. నిటారుగా నిలబెడితే నూనె మెల్లగా కారి స్టాక్ మెడలోకి ఇంకుతుంది, ఏళ్లు గడిచేసరికి అక్కడి చెక్క నల్లబడి మెత్తబడుతుంది. పాత జంట బ్యారెళ్ల తుపాకులు అక్కడే చీలుతాయి. తోలు సంచిలో నిల్వ ఉంచవద్దు, తోలు తేమను పట్టి ఉంచుతుంది.

ఇంటి పని

దీనికి తుపాకీ అక్కర్లేదు. జింకు పూత లేని ఇనుప మేకులు ఆరు తీసుకోండి. గరుకు కాగితంతో మెరిసేలా రుద్ది, టర్పెంటైన్‌తో కడిగి ఆరబెట్టండి. ఒకదానికి ఏమీ రాయకండి. మిగతావాటికి ఒక్కోదానికి కొబ్బరి నూనె, కుట్టు మిషన్ నూనె, డబ్ల్యూడీ-40, మీరు కొన్న గన్ ఆయిల్, పెట్రోలియం జెల్లీ రాసి, దారంతో బాల్కనీలోనో బావి దగ్గరో వేలాడదీయండి. రోజుకోసారి వాటి మీద ఉప్పు నీళ్లు చిలకరించి, ఏది ఏ రోజున ఎర్రబడిందో రాసుకోండి. మీ ఊరి గాలికి ఏ నూనె నిలుస్తుందో నా పాఠం కంటే ఆ కాగితం బాగా చెబుతుంది.

వచ్చే పాఠం స్టాక్ చెక్క గురించి. దానికి అవిసె నూనె కావాలి, ముందే తెచ్చిపెట్టుకోండి. ఆ నూనె తుడిచిన గుడ్డలను మాత్రం ఉండచుట్టి మూల పడేయకండి. అవి తమంతట తామే వేడెక్కి అంటుకోగలవు. నీళ్లలో తడిపి, పరిచి ఆరేయండి.