పిల్లర్లకు చెక్క బద్దలు: వంగితే, నల్లబడితే, ఊగితే

బద్దలు వంగి లేస్తున్నాయి

రోహిణి కార్తె ఎండకు ఎండిన చెక్క, అక్టోబరు నుంచి డిసెంబరు దాకా పడే వానలకు మళ్లీ తేమ పీలుస్తుంది. నెల్లూరు, ప్రకాశం జిల్లాల్లో చెక్కకు అసలు గండాలు ఈ రెండే. ముందువైపు పాలిషు మెరిపించి వెనకవైపు పచ్చిగా వదిలేస్తే తేమ అటునుంచే ఎక్కి బద్ద వంగుతుంది. ప్లాస్టరింగుకు గమ్ముతో నేరుగా అంటిస్తే ఇంకా తొందరగా ఊడుతుంది.

వంగినవి విప్పి నీడలో ఆరబెట్టి, నాలుగు ముఖాలకూ పాలిషు పట్టించండి. కొసలకు ఒక కోటు ఎక్కువే వేయాలి, నీళ్లు ఎక్కువ తాగేది అక్కడే. పిల్లరుకు అడ్డంగా 15 మి.మీ. మందం రీపర్లు (బద్దల వెనక ఆధారంగా ఉండే చెక్క పట్టీలు) 450 మి.మీ. ఎడంలో కొట్టి, మూలల్లో అవి కలవకుండా సందు వదిలితే వెనక గాలి ఆడుతుంది. ఒక్కో రీపరు దగ్గర బద్ద నడిమధ్యన ఒక్క స్క్రూ చాలు. ముందుగా బెజ్జం వేయకపోతే కొసలు చీలుతాయి. మెలితిరిగిన బద్ద మాత్రం దారికి రాదు, మార్చేయండి.

మేకుల చుట్టూ నల్ల చారలు

పాలిషు పోయిందనుకుని మళ్లీ కొట్టిస్తే డబ్బు దండగ. టేకులో సహజంగా ఉండే టానిన్లు అనే వగరు పదార్థాలు తడిసిన ఇనుముతో కలిసి నల్లబడతాయి. మేకు తలను గోరుతో గీకండి, ఎర్రటి పొడి రాలితే కారణం అదే. మేకులు పీకి స్టెయిన్‌లెస్ స్టీలు స్క్రూలు పెట్టాలి: మైపాడు, కొత్తపట్నం లాంటి ఉప్పుగాలి చోట్ల 316 రకం, లోపలి ఊళ్లకు 304. మచ్చపైన పాత పాలిషు గీసేసి, లీటరు గోరువెచ్చని నీళ్లలో 50 గ్రాముల ఆక్సాలిక్ ఆమ్లం కలిపి, గ్లౌజులు తొడుక్కుని బ్రష్షుతో రాయండి. మచ్చ తేలిపోయాక బాగా కడిగి, పూర్తిగా ఆరనిచ్చి పాలిషు వేయండి.

రీపరే ఊగుతోంది

రీపరు స్క్రూ పట్టుకోవడానికి బెజ్జంలో దూర్చే ప్లగ్గు ప్లాస్టరింగులోనే ఆగిపోయింది. 8 మి.మీ. డ్రిల్లు బిట్టుతో 12–15 మి.మీ. పూత దాటి కాంక్రీటులోకి 30 మి.మీ. దిగాలి. కమ్మి తగిలితే బలవంతం చేయకుండా రెండంగుళాలు పక్కకు జరగండి.

అడుగున మెత్తబడింది

ఇల్లు కడిగిన నీళ్లే. బద్దలను నేలకు 20 మి.మీ. పైకి కోసి, కోసిన కొసకు పాలిషు పట్టించండి.

చెద మట్టి గీత

గీత తుడిచేస్తే చెద పోదు. కింది బద్ద విప్పి రీపరును సుత్తితో తట్టి చూడండి. చవక చెక్క వాడేది దానికే కాబట్టి చెద ముందు పట్టేదీ దాన్నే. డొల్లగా మోగితే తీసేసి, పిల్లరూ నేలా కలిసే చోట 30.5 శాతం ఇమిడాక్లోప్రిడ్ మందు లీటరు నీటికి 2.1 మి.లీ. చొప్పున కలిపి పట్టించి, ఆరాకే కొత్త రీపరు బిగించండి.