గాలోగ్లాస్ బొమ్మల చేతికి ఏ జెండా ఇవ్వాలి?

గాలోగ్లాస్‌లంటే మధ్యయుగపు ఐర్లండ్‌లో పెద్ద గొడ్డలి పట్టి పోరాడిన యోధులు. బల్ల మీద ఆడే యుద్ధపు ఆటల కోసం వీళ్ళ చిన్న బొమ్మలు కొన్నవాళ్ళు ముందుగా అడిగేది వీళ్ళ జెండా ఏ రంగని. అంతకన్నా ముందు తేల్చుకోవలసినవి రెండున్నాయి: వీళ్ళకు కూలి ఎవరిస్తున్నారు? అది ఏ సంవత్సరం? డబ్లిన్‌లో ఉద్యోగం చేసుకుంటూ సాయంత్రాలు ఈ బొమ్మలకు రంగులు వేస్తుంటాను. ఏ దళం మొదలుపెట్టినా ఈ రెండిటికీ జవాబు రాసుకున్నాకే కుంచె పడతాను.

కారణం చెప్తాను. గాలోగ్లాస్‌లు కిరాయి యోధులు. స్కాట్లండ్ పడమటి దీవుల్లో గేలిక్ (స్థానిక ఐరిష్, స్కాట్), నార్స్ (వైకింగ్) రక్తాలు కలిసిన కుటుంబాల నుంచి వచ్చినవాళ్ళు. 1259లో ఐర్లండ్ పడమటి ప్రాంతమైన కొనాక్ట్ రాజు కొడుకు ఏడ్ ఓకానర్, దీవుల ప్రభువు డూగల్ మాక్‌రురీ కూతురిని పెళ్ళాడాడు. ఆమె వెంట 160 మంది యోధులు అరణంగా వచ్చారు. ఆ తర్వాత ఐర్లండ్‌కు వచ్చిన ఈ యోధ వంశాల్లో మాక్‌స్వీనీలు డొనెగాల్‌లో ఓడానెల్‌ల కొలువులో, మాక్‌డానెల్‌లు ఓనీల్‌ల కొలువులో, మాక్‌షీహీలు డెస్మండ్ ప్రభువుల కొలువులో స్థిరపడ్డారు. అందుకే నా లెక్కలో పెద్ద జెండా కొలువిచ్చిన ప్రభువుది. దళ నాయకుడి సొంత వంశ చిహ్నం ఏదైనా ఉంటే అది చిన్న జెండాకు సరిపోతుంది. మాక్‌డానెల్ దళమైతే నేను తెరచాప నావ వేస్తాను. వాళ్ళ పూర్వీకులైన దీవుల ప్రభువుల ముద్రలలో ఉన్న నావే అది.

పక్కన పెట్టవలసినవి కొన్ని ఉన్నాయి. ఆకుపచ్చ గుడ్డ మీద బంగారు హార్ప్ (తీగల వాద్యం) ఉన్న జెండా 1640ల నాటిది. మూడు రంగుల ఐరిష్ జెండా 1848లో వచ్చింది. ఐర్లండ్ ఉత్తర ప్రాంతమైన అల్స్టర్ నేటి జెండా అందంగా ఉంటుంది గానీ, అందులోని పసుపు మీది ఎర్ర శిలువ డి బర్గ్ (తర్వాతి బర్క్) కుటుంబానిది, నడుమనున్న ఎర్ర చెయ్యి ఓనీల్‌లది. మధ్యయుగంలో ఆ రెండూ వేర్వేరు పక్షాలు. మీరు కూడా వాటిని విడదీసి వాడండి. తెలుపు మీద ఎర్ర గుణకారపు గుర్తును మాత్రం తొందరపడి పక్కన పెట్టకండి. ఐర్లండ్ రక్షక పునీతుడు సెయింట్ పాట్రిక్ చిహ్నంగా అది 1783 తర్వాతి సంగతే, కానీ కిల్డేర్ ఫిట్జెరాల్డ్‌ల చిహ్నంగా మధ్యయుగంలోనే ఉంది.

గేలిక్ ప్రభువుల చిహ్నాల విషయంలో జాగ్రత్త అవసరం. ఐర్లండ్‌లో చిహ్నాలను నమోదు చేసే అల్స్టర్ కింగ్ ఆఫ్ ఆర్మ్స్ పదవి 1552లో గానీ ఏర్పడలేదు. ఆ తర్వాతి పుస్తకాల్లోని ముస్తాబంతా తెచ్చి 1300 నాటి దళానికి తగిలించడం నాకు ఇష్టం ఉండదు. పాత కాలపు దళమైతే ముద్రల మీద దొరికిన గుర్తును మాత్రమే తీసుకుంటాను. 14వ శతాబ్దపు ఏడ్ ఓనీల్ ముద్ర మీద చెయ్యి స్పష్టంగా ఉంది, అది చాలు. రాస్‌కామన్ మఠంలో ఫెలిమ్ ఓకానర్ సమాధి మీద చెక్కిన గాలోగ్లాస్‌లను కూడా చూడండి. గొలుసు కవచాలకు, శిరస్త్రాణాలకు అంతకు మించిన నమూనా ఉండదు.

మొదటిసారి చేసేవాళ్ళు 1504 ఆగస్టు 19 నాటి నాక్‌డో యుద్ధాన్ని ఎంచుకోండి. రెండు వైపులా గాలోగ్లాస్‌లు ఉన్నారు, జెండాలూ తేలికగా గుర్తుపట్టగలిగినవి. కిల్డేర్ ప్రభువుకు తెలుపు మీద ఎర్ర గుణకారం. ఎదుట క్లాన్‌రికార్డ్ ప్రభువు యూలిక్ బర్క్‌కు పసుపు మీద ఎర్ర శిలువ, జెండా కర్ర వైపు పై గడిలో నల్ల సింహం. బర్క్ పక్షాన వచ్చిన ఓబ్రయన్‌కు ఎరుపు మీద మూడు సింహాలు. ఒక్కో సింహం నిలువునా సగం బంగారు, సగం తెలుపు. ఆ గీత దగ్గర సన్నని కుంచె, నిలకడైన చెయ్యి రెండూ కావాలి.

కిల్డేర్ పక్షాన ఉన్న ఓడానెల్ జెండా దగ్గర చాలామంది తడబడతారు. పసుపు మీద నీలి చొక్కా చెయ్యి, పిడికిట్లో ఎర్ర శిలువ. కర్ర మీ ఎడమన ఉండేలా పట్టుకుంటే చెయ్యి కుడి అంచు నుంచి, అంటే గాలికి ఎగిరే వైపు నుంచి, కర్ర వైపు చాచి ఉండాలి. జెండా వెనక ముఖం దీనికి అద్దంలో ప్రతిబింబం. సింహాలు, నావలు కూడా అంతే, రెండు ముఖాల మీదా కర్ర వైపే చూడాలి. ఓనీల్ చెయ్యి విషయంలో మాత్రం నేను ఈ నియమం పాటించను. అరచెయ్యి కనబడేలా నిలబెట్టిన కుడి చెయ్యి అది. బొటనవేలు మనకు కుడి పక్కన ఉంటుంది. అద్దంలో తిప్పితే ఎడమ చెయ్యి అయిపోతుంది, అది తర్వాతి కాలపు బ్యారనెట్ల (ఇంగ్లిష్ వంశపారంపర్య బిరుదుదారుల) గుర్తు. అందుకే రెండు వైపులా కుడి చెయ్యే వేస్తాను.

28 మిల్లీమీటర్ల బొమ్మల కొలతలో అసలు మీటరు సుమారు 17 మిల్లీమీటర్లు అవుతుంది. 25 మిల్లీమీటర్ల చదరపు జెండా కాస్త పెద్దదే అయినా బల్ల మీద దూరం నుంచి చదవగలుగుతారు. రెండు ముఖాలనూ పక్కపక్కన ముద్రించి, మధ్యలో కర్రకు చుట్టుకునేందుకు 4 మిల్లీమీటర్లు వదలండి. లేజర్ ముద్రణ మేలు, ఇంక్‌జెట్ సిరా తడి జిగురుకు కారిపోతుంది. కాగితం లోపలి ముఖం నిండా తెల్ల జిగురు పల్చగా రాసి, ఇత్తడి తీగకు చుట్టి మడవండి. జిగురు ఆరకముందే పెన్సిల్ మీద వంచి అలలు తీర్చాలి. మడతలు కర్ర పై కొస నుంచి ఏటవాలుగా కిందికి జారితే బరువైన గుడ్డలా ఉంటుంది. ఆరాక అంచుల్లో కనబడే తెల్ల కాగితానికి ఏ రంగు దగ్గర ఆ రంగు పూయండి. ఈ ఒక్క పని మానేస్తే మిగతా శ్రమంతా వృథా.

జెండా మోసేవాడు గొడ్డలివాడు కాకూడదు, ఆ గొడ్డలికి రెండు చేతులూ కావాలి. ప్రతి గాలోగ్లాస్ వెంటా కవచం, తిండి మోసే కుర్రవాళ్ళు ఉండేవారు. కర్ర వాళ్ళలో ఒకరికి ఇవ్వండి. అసలు దళంలో 60 నుంచి 80 మంది ఉండేవారు, కాబట్టి పన్నెండు బొమ్మల గుంపుకు ఒక్క జెండా సరిపోతుంది. ఓడానెల్ సేన అయితే రెండో జెండాకు బదులు ఒక మతాచార్యుడి బొమ్మ పెట్టి, మెడలో చిన్న వెండి పెట్టె వేలాడదీయండి. అది కాథక్, ఐరిష్ సన్యాసి సెయింట్ కొలంబా రాసినట్టు నమ్మే కీర్తనల గ్రంథాన్ని దాచిన పెట్టె. యుద్ధానికి ముందు దాన్ని సేన చుట్టూ మూడుసార్లు కుడివైపుగా తిప్పేవారు. అసలు పెట్టె డబ్లిన్ జాతీయ మ్యూజియంలో ఉంది, రంగులు దాన్ని చూసి కలుపుకోవచ్చు.