పాపకు గౌను – 3వ పాఠం: కుచ్చులు

పోయిన పాఠంలో బాడీ, అంటే గౌను పైభాగం ముక్కలు కత్తిరించి, భుజాలు మాత్రమే కలిపాం. పక్కలు ఇంకా తెరిచే ఉన్నాయి కదా, అలాగే ఉండనివ్వండి. మన నాలుగేళ్ల పాప ఛాతీ 22 అంగుళాలు, వదులుకు 2 కలిపి బాడీ చుట్టు 24 అనుకున్నాం. ఈ వారం దాని కింద ఘేరా, అంటే కుచ్చులతో వేలాడే కింది భాగం.

మామూలు కాటన్‌కు నడుము కొలతకు రెట్టింపు గుడ్డ చాలు, అంటే 48 అంగుళాలు. మల్లు గుడ్డ పల్చన కాబట్టి రెండున్నర రెట్లు పెట్టొచ్చు. పోచంపల్లి ఇక్కత్ కాస్త మందంగా ఉంటే ఒకటిన్నర రెట్లకు మించవద్దు, నడుము దగ్గర బుట్టలా లేస్తుంది. ముందుకు ఒకటి, వెనక్కి ఒకటి, కుట్టు వదులుతో 25 అంగుళాల వెడల్పున రెండు ముక్కలు తీయండి. పొడవు పదిహేడున్నర: కనిపించేది 14, పైకుట్టుకు అర, కింద మడతకు 3. ఆ మడత వచ్చే ఏడాది విప్పుకోవడానికి. (సికింద్రాబాద్ జనరల్ బజార్‌లో తెచ్చిన గుడ్డను రాత్రంతా నీళ్లలో నానబెట్టాకే కత్తెర పట్టాలని మొదటి పాఠంలోనే చెప్పాను. నానబెట్టనివాళ్లు ఇక్కడే ఆగండి.)

ఇక కుచ్చులు, మన దర్జీల మాటలో చున్నట్. మిషన్‌పై కుట్టు పొడవును అన్నిటికంటే పెద్దదానికి తిప్పి, పైదారం బిగువు కొంచెం తగ్గించండి. ముక్క పై అంచుకు పావు అంగుళం కింద ఒక వరస, ముప్పావు అంగుళం కింద ఇంకో వరస వేయండి. చివర్లలో రివర్స్ కుట్టు వేయకూడదు, జానెడు దారం వదిలేయాలి. ఇప్పుడు రెండు వరసల బాబిన్ (కింది) దారాలను కలిపి పట్టుకుని మెల్లగా లాగండి. పైదారం వదులుగా ఉంది కాబట్టి కిందిది జారుతుంది. ఒక్క వరసతో సరిపెట్టొచ్చని నేనూ అనుకున్నాను. పుట్టినరోజు ముందు రాత్రి పదింటికి ఆ ఒక్క దారమూ పుటుక్కుమంది.

బాడీ అడుగునా, ఘేరా పైనా మధ్యలోనూ, నాలుగో వంతుల దగ్గరా సుద్దతో గుర్తులు పెట్టి, గుర్తుకు గుర్తు గుండుసూది గుచ్చండి. ఇది చేయకపోతే కుచ్చులన్నీ ఒకే పక్కకు చేరి, పాపకు పొట్ట వచ్చినట్టు కనిపిస్తుంది. వెనక బాడీ రెండు ముక్కలను ఒకదానిపై ఒకటి అంగుళం ఎక్కించి ముందే కచ్చా టాకా, అంటే తర్వాత విప్పేసే తాత్కాలిక కుట్టు వేయాలి.

మిషన్ కింద పెట్టేటప్పుడు కుచ్చుల వైపు పైకి ఉండాలి. కుట్టు పొడవు మళ్లీ మామూలుకు తెచ్చి, రెండు వరసల మధ్యగా, సరిగ్గా అర అంగుళంలో కుట్టండి. తొందరొద్దు, ప్రతి రెండు అంగుళాలకూ ఆగి కుచ్చులు వేలితో సర్దండి. తర్వాత కింది వరస దారం లాగేయండి, కాటన్‌కు రంధ్రాలు కనబడవు. పట్టుకు కనబడతాయి, అందుకే మొదటి గౌను పట్టుతో వద్దన్నాను.

చివరికి చంక నుంచి కింది అంచు దాకా పక్కలు ఒకే కుట్టుతో కలిపేయండి. కత్తిరించగా మిగిలిన పీలికలు పారేయకండి, వచ్చే వారం మెడకు ఏటవాలు పట్టీ వాటిలోంచే తీయాలి.